గోడలు ఆపేసిన రోజు

రోజూ మాత్ర వేసుకున్నంత కాలం హైమవతి చెవిలో గొంతులు వినిపించవు. స్కిజోఫ్రీనియా ఏళ్లుగా అదుపులోనే ఉంది. చిక్కల్లా, ఇప్పుడు కాకినాడలో ప్రతి ఇంట్లోనూ కరెంటుతో నడిచే గోడలు మాట్లాడుతున్నాయి. పాలు పొంగుతున్నాయనీ, కూరలో ఉప్పు తగ్గిందనీ పొద్దస్తమానం చెబుతూనే ఉంటాయి. అందుకే డాక్టరమ్మ ఆమెకో కిటుకు నేర్పింది. మాట వినపడగానే చెవులు గట్టిగా మూసుకోవాలి. ఆగిపోతే అది గోడ, ఆగకపోతే జబ్బు.

ఆ ఉదయం మరమ్మతుల కోసం ఊళ్లో గోడలన్నీ ఆపేశారు. హైమవతి ప్రాణానికి హాయిగా ఉంది. కత్తిపీట ముందు కూర్చుని వంకాయలు తరుగుతోంది.

"సరే సరే, వేస్తున్నా" అంటూ భర్త సాంబమూర్తి పప్పులో ఉప్పు వేశాడు.

"ఎవరితోనండీ?"

"గోడతోనే. నీకు వినపళ్లేదా?"

"గోడలు ఆపేశారు కదండీ!"

"మరి మాట్లాడుతోందిగా!"

ఆమె లేచి వచ్చి, తడి చేతులతో ఆయన చెవులు రెండూ మూసింది. ఆయన పెదవులు ఇంకా ఎవరికో ఊకొడుతూనే ఉన్నాయి. పక్కవాటాలో ఎవరో "అలాగేనమ్మా, కట్టేస్తున్నా" అంటున్నారు. పై అంతస్తులో ఇంకెవరో నవ్వుతున్నారు.

"పదండి, డాక్టరమ్మ దగ్గరికి పోదాం" అంది.

"గోడ వద్దంటోందే. ఆవిడ గుమ్మం ముందు చెప్పులు విడిస్తే పాదాలు కూడా అక్కడే ఉండిపోతాయట."

ఒకప్పుడు హైమవతి చెవిలో జబ్బు గొంతు చెప్పిన మాట అది. డాక్టరమ్మకు గానీ, కట్టుకున్నవాడికి గానీ ఆమె ఎన్నడూ చెప్పలేదు.