మెడ వెనక తెల్ల చార

పోస్ట్‌మార్టం ముగించి వచ్చిన డాక్టర్ యోగానంద్, చనిపోయిన కార్మికుడి భార్య కన్నియమ్మాళ్ ఎదుట నిలబడ్డాడు.

“గుండెపోటేనమ్మా. అయితే ప్రాణం పోయినాక నెత్తురు కిందికి దిగి వీపంతా కమిలింది. మెడ వెనక మాత్రం గాజుల అచ్చులతో తెల్ల చార ఉంది. గంటలకొద్దీ మెడ కింద ఒక చెయ్యి నొక్కుకుని ఉంటేనే అట్లా పడేది. ఒంటిగా పడుకున్నాడని పోలీసులకు చెప్పినావే, ఏందమ్మా ఇది?”

కన్నియమ్మాళ్ గాజుల చేతిని కొంగులో దాచుకుంది.

“తట్టాంచావడి ఫ్యాక్టరీలో నైట్ షిఫ్టు ముగించి పొద్దున్నే వచ్చి, నా చేతి మీదే నిద్రపోయినాడు సార్.”

“మరి సాయంత్రం దాకా నీకు తెలియలేదా?”

“ఒళ్ళు చల్లబడినప్పుడే తెలిసింది సార్. చెయ్యి తీస్తే లేచి అందరికీ చెప్పాల గదా. చెప్పేదాకా ఆయన నిద్రపోతా ఉన్నట్టేనని అట్లే పడుకున్నా.”