అద్దంలో ఒంటి దీపం

టాక్సీ డ్రైవరు తన ఇంటి ముందు కారాపి, తలుపు తీయబోయి ఆగాడు. పక్క అద్దంలో ఒంటి దీపం కనబడింది. ఏదో బైకు, దాటి పోనిద్దాం అనుకున్నాడు.

పోయిన వానాకాలం అద్దం చూడకుండా తలుపు తీశాడు. వెనక వస్తున్న బైకు మనిషి ఆ తలుపుకి తగిలి పడ్డాడు, మళ్లీ లేవలేదు. అప్పటి నుంచి అద్దం చూడందే తలుపు మీద చెయ్యి వేయడు.

దీపం దగ్గరవుతోంది గానీ దాటి పోవడం లేదు. చెవులు రిక్కించినా ఇంజను చప్పుడు లేదు. తల తిప్పి చూస్తే వీధంతా ఖాళీ. మళ్లీ అద్దంలో చూస్తే దీపం ఇంకాస్త దగ్గరికొచ్చింది.

భార్య గుమ్మంలోకి వచ్చింది. "ఏమండీ, కార్లోనే కాపురం పెట్టేస్తారా ఏంటి?"

"బండొస్తోందే. పోనీ."

ఆవిడ వీధి ఈ చివర నుంచి ఆ చివరదాకా చూసింది. "బండీ లేదు, గిండీ లేదు. ఉండండి, నేనే తీస్తా."

"రోడ్డు మీదకి రాకే!"

ఆవిడ వింటేగా! నవ్వుతూ కారు చుట్టూ తిరిగి వచ్చి తలుపు లాగింది. అతను లోపలి నుంచి రెండు చేతులా బిగబట్టాడు. తీస్తే ఆనాటిలాగే అవుతుంది. తీయకపోతే ఆవిడ అక్కణ్ణించి కదలదు.

కిటికీ మీదకి వంగిన ఆవిడ మొహం మీద తెల్లటి వెలుగు పడింది. అప్పుడు వినబడింది ఇంజను చప్పుడు.