చెరిసగం

“నూటతొంభై! అసలు మాత్ర వేసుకుంటున్నారా అత్తయ్యా?” బీపీ మిషన్ పట్టీ విప్పుతూ రష్మి గట్టిగా అడిగింది.

ఛాయాదేవి తల దించుకుంది. “సగం వేసుకుంటున్నానమ్మా.”

“మిగతా సగం?”

“ఎదురు బిల్డింగ్ మంగతాయారుగారికి ఇస్తున్నా. ఇండియా నుంచి తెచ్చుకున్నవి అయిపోయాయట. డాక్టర్ కోసం కొడుకు సెలవు పెట్టాల్సొస్తుందని ఇంట్లో చెప్పలేదు.”

“సగం మాత్రతో ఇద్దరికీ పక్షవాతం వస్తుంది! మీకేమైనా అయితే మీ అబ్బాయికి నేనేం చెప్పాలి?”

“నాకేం కాలేదుగా. ఆవిడకే, ఇందాక ఫోన్లో మాట ముద్దముద్దగా వచ్చింది. నిద్రమత్తనుకున్నా.”

రష్మి చెప్పులైనా వేసుకోకుండా మంచులోకి పరుగెత్తింది. ఒక చేత్తో అంబులెన్స్ కోసం 911 నొక్కుతూ, రెండో చేత్తో ఎదురు బిల్డింగ్‌లో ఆవిడ తలుపు బాదింది.

తలుపు తెరుచుకుంది. ఎప్పటిలాగే నవ్వబోయింది మంగతాయారు.

మూతి సగమే కదిలింది.