తెరుచుకున్న మూత

చిగుళ్లు వాచినవాళ్లకు ఆవకాయ జాడీ తెరుచుకోని రోజులవి. ఎవరి బ్రష్షు సరేనంటే వాళ్ల చేతికే మూత కదిలేది.

లారీ నడిపి నడిపి ఇంటిపట్టున ఉంటున్న పేరయ్య, పళ్లు కూడా టైర్లు కడిగినట్టే బరబరా తోమేవాడు. చిగుళ్లు వాచి నెత్తురొచ్చేది.

"మెల్లగా తోము తాతా!" అని బ్రష్షు రోజూ పోరేది.

ఆవకాయ మీది ఆశతో పదిరోజులు రెండుపూటలా బుద్ధిగా, మెత్తగా తోమాడు. పదకొండోనాడు నెత్తురు చుక్క కనబడలేదు.

"ఇక తినొచ్చు తాతా," అంది బ్రష్షు.

పేరయ్య వంటింట్లోకి ఒక్క పరుగు తీశాడు. చెయ్యి పెట్టగానే మూత తెరుచుకుంది. జాడీ అడుగు కనబడుతోంది!

"ఇదేంటే మంగతాయీ?" అని భార్య మీద లేచాడు.

"నా చిగుళ్లకేం రోగం? మొదట్నుంచీ బాగానే ఉన్నాయి," అంటూ ఆమె మిగిలిన కాస్త గుజ్జుతో వేడన్నం కలిపి, ముద్ద అతని నోటికి అందించింది.