టాక్సీ మీద పాడె

దసరా వెళ్లిన మర్నాడు. మొగులయ్య టాక్సీ ముక్కుకు కట్టిన బంతిపూల దండ ఇంకా వాడలేదు.

ఆ అంబాసిడర్ హారన్ మోగితే చార్మినార్ మీది పావురాలు గోల్కొండకు లేచిపోతాయనీ, బతిమాలితే గాని తిరిగి రావనీ మొగులయ్య చెప్పేవాడు. పావురాలను అడిగి చూసినవాళ్లెవరూ లేరు.

పొద్దున్నే యాకుత్‌పురా స్టేషను ముందు ఒక మనిషి చెయ్యెత్తి ఆపాడు. ఆ ఎత్తడం కూడా పడుకునే ఎత్తాడు.

అతనిది మూడు చక్రాల బండి. నేలకు జానెడు ఎత్తు. వెనక్కి వాలి, కాళ్లు ముందుకు చాపి, చేతులతో పెడళ్లు తిప్పుకుంటూ వచ్చాడు. ఆ కాళ్లు వట్టి పుల్లలు.

"బార్కస్ పోవాలె అన్నా. నేనూ, నా బండీ."

"నీ బండికి చక్రాలున్నయి గద భాయ్! దాన్ని నా బండి మొయ్యాల్నా? రేపు నా బండిని మొయ్యనీకి లారీని పిలువాల్నా?"

ఆ మనిషి నవ్వాడు.

"గంత దూరం తిప్పితే చేతులు పడిపోతయి అన్నా. రెండు కొట్టేలోపు కార్ఖాన గేటు కాడ బండి ఉండాలె. ఫోను ఎత్తే కొలువు. రమ్మని పిలిచిర్రు. ఎవ్వరూ ఎత్తుకోకుండ గేటు దాటి లోపటికి రావాలెనని షరతు."

"మరి నీ బండిని డిక్కీలకు ఎవరెత్తాలె?"

"ఎత్తొద్దు, నెట్టితే చాలు. ఎత్తమంటే ఏ టాక్సీ ఆగుతలేదు. అందుకే గివి చేసుకున్న."

బండి పక్కన కట్టుకొచ్చిన రెండు వెదురు నిచ్చెనలు విప్పాడు. వాటిని పక్కపక్కన చేర్చి, కొబ్బరితాడుతో ఒక్కటిగా బిగించి, కొసను డిక్కీ అంచుకు ఆనించాడు. మొగులయ్య నెట్టాడు. బండి మేకపిల్లలా గునగునా ఎక్కి, లోపల సగం బయట సగం కూర్చుంది.

ఆ మనిషి చేతుల మీద జరుగుతూ వచ్చి ముందు సీటు ఎక్కాడు. తాడు విప్పడానికి బద్ధకించి, మొగులయ్యే ఆ నిచ్చెనల జతను అట్లాగే కారు టాప్ మీదికి ఎక్కించి కట్టేశాడు.

శాలిబండ దగ్గర బట్టల దుకాణం సేటు లేచి నిలబడి దండం పెట్టాడు.

చాయ్ హోటలు ముందు మాటలు ఆగిపోయాయి. ఒక పెద్దాయన కళ్లు మూసుకొని దువా చదివాడు. ఎదురొచ్చే రిక్షాలన్నీ పక్కకు తప్పుకున్నాయి.

పూజ చేసిన బండంటే గిట్లుంటది మరి, అనుకొని మొగులయ్య మీసం దువ్వాడు.

అలియాబాద్‌లో పూలమ్మే మాణిక్యమ్మ కారుకు అడ్డం వచ్చింది.

"మొగులన్నా, ఎవరు పోయిర్రే? మీ అమ్మనా?"

"మా అమ్మకేమైంది? జొన్నరొట్టె తినుకుంట కూసున్నది!"

"మరి గా పాడె ఎవరికి?"

మొగులయ్య దిగి చూశాడు. పొడుగు వెదుళ్లు, అడ్డబద్దలు, కొబ్బరితాడు. అచ్చం పాడె. నిన్ననే గుమ్మడికాయ కొట్టి దిష్టి తీసిన కారు. పైగా ఇది తొలి బేరం.

"దిగు" అన్నాడు.

"అన్నా, ఫలక్‌నుమా ఎత్తు ఎక్కిచ్చు, చాలు. అవతల నేనే తిప్పుకుంట."

"పండుగ మర్నాడు నా కారు మీద పాడె పెట్టిస్తవా? నీ కొలువు కోసం నా ఇల్లు ముంచుతవా? దిగు ముందు!"

'పైకెక్కించి కట్టింది నువ్వే గదన్నా' అని ఆ మనిషి అనలేదు. అని ఉంటే మొగులయ్యకు ఎంతో తేలికయ్యేది.

బండిని దింపాడు. మనిషిని దింపాడు. నిచ్చెనలను మోరీలోకి విసిరాడు. కారు వెనక్కి తిప్పుకుంటుంటే అద్దంలో కనిపించాడు ఆ మనిషి. వెనక్కి వాలి, ఎత్తు వైపు, చేతులు తిప్పుతూ.

మధ్యాహ్నం రెండు కొట్టింది. మొగులయ్య సగం అన్నంలోనే చెయ్యి కడిగేశాడు. పేరు కూడా అడగలేదే అనుకున్నాడు. పావురాలను గోల్కొండకు తోలిన మనిషికి, తనకు తాను చెప్పుకోవడానికి ఒక్క అబద్ధం దొరకలేదు.

సాయంత్రం మోరీలోకి దిగి నిచ్చెనలు తీశాడు. బోరింగు కింద కడిగి, మళ్లీ టాప్ మీద కట్టాడు. జనం మళ్లీ దండాలు పెట్టారు. ఈసారి మొగులయ్య తల ఎత్తలేదు.

బార్కస్‌లో జామపండ్ల బండ్ల దగ్గర ఆ మూడు చక్రాల బండి కనబడింది. అందులో ఉన్నది వేరే మనిషి, అతనివీ పుల్లల్లాంటి కాళ్లే. పక్కన భార్య నడుస్తోంది.

"ఎవర్నువ్వు? ఈ బండి నీకెక్కడిది?" దొంగను పట్టినట్టు గద్దించాడు మొగులయ్య.

"నా పేరు సీమోను అన్నా. గీ బండి ఒకాయన ఇచ్చిండు. కొలువు దొరికింది!" అతని ముఖం వెలిగిపోతోంది. "పోయిన వారం మా రాహేలు వీపు మీద పోతె, గేటు కాడనే మర్లగొట్టిర్రు. ఆయన చూసినట్టున్నడు. ఇయ్యాల ఒంటిగంట దాటినంక మా ఇంటికొచ్చిండు. అరచేతులు పుండ్లు పుండ్లు. తను దిగి, నన్ను కూసోబెట్టిండు."

"ఆయనేడి మరి?"

"అన్నం తినుమంటే ఆగలేదన్నా" అంది రాహేలు. "చేతుల మీద జరుక్కుంట బస్సు కాడికి పోయిండు."

మొగులయ్య కారు తలుపు పట్టుకొని నిలబడ్డాడు.

"గంత సాయం చేసిండంటే... నీకు చుట్టమా?"

"కాదన్నా. నీకు పిల్లలున్నరు గద అన్నడు, గంతే." సీమోను పెడళ్ల మీంచి చేతులు తీసేశాడు. "కొలువేమో ఒక్కటే ఉండె. దానికి పిలిచింది ఇద్దరిని, నన్నూ ఆయన్నూ."