గుడ్లు పెట్టిన జంట

“ఏమయ్యా, జర ఉరికి రా! చంపుతున్నయ్!”

మానస మంచం మీది నుంచే కేకేసింది. దిగడానికి లేదు. ఎనిమిదో నెల, బీపీ ఎక్కువగా ఉంది, కాలు కింద పెడితే తల్లికీ బిడ్డకూ గండమేనని కర్నూలు డాక్టరమ్మ మరీ మరీ చెప్పి పంపింది. పొద్దుపోవాలి కదా అని రంజిత్ ఆ కర్నూల్లోనే చేపల తొట్టి కొనుక్కొచ్చి మంచం పక్కన పెట్టాడు. ఇప్పుడు దానివల్లే పెళ్ళానికి బీపీ పెరిగేలా ఉంది.

రంజిత్ మగ్గం గుంటలోంచి లేచి పరుగెత్తుకొచ్చాడు. తొట్టిలో ఏంజెల్ చేపలు రెండూ ఒక నల్ల చేపను మూలకు నెట్టి పొడుస్తున్నాయి. ప్లాస్టిక్ గొట్టం మీద ఆవగింజల్లాంటి గుడ్లు వరసగా అంటుకుని ఉన్నాయి. నిన్నటిదాకా ముద్దుగా తిరిగిన జంట, గుడ్లు పెట్టగానే ఈనిన పులైపోయింది. అతను గరిటె పెట్టి విడదీసేలోపే నల్ల చేప వెల్లకిలా పడింది.

“పోనీ తియ్ బిడ్డా,” అంది అత్త జోగమ్మ, కండెలు చుట్టే రాట్నం ఆపకుండానే. “చేప చస్తె మంచిదేనంట. ఇంటికొచ్చే కీడు అది మోసుకపోతదంట.”

“గట్లనకు అత్తమ్మా. పాపం కాదా?”

చీమల బారు కనిపిస్తే చీపురు పక్కన పెట్టేసే మనిషి జోగమ్మ. కోడలి కాన్పు తలుచుకుని తలుచుకుని నాలుగు రోజులుగా ఆమెకు అన్నం దిగడం లేదు. జమ్ములమ్మకు మొక్కుల మీద మొక్కులు మొక్కుతోంది.

రంజిత్ చేపలు అమ్మిన ఇస్రాయేలుకు ఫోన్ చేశాడు.

“గుడ్లు పెట్టినాక అవి పక్కవాటిని బతకనీయవు తమ్ముడూ. నడుమ అద్దం అడ్డం పెట్టు,” అన్నాడు ఇస్రాయేలు.

ఫోటోలకు ఫ్రేములు కట్టే దుకాణంలో అద్దం కోయించుకొచ్చి తొట్టి మధ్యలో దించాడు. జంట ఒకవైపు, మిగిలిన ఐదు చేపలూ ఒకవైపు. ఇల్లు సద్దుమణిగింది.

మర్నాడు మధ్యాహ్నం మానస నిద్ర లేచేసరికి ఐదింట్లో ఒకటి చచ్చి తేలుతోంది.

“అద్దం ఎట్ల దాటినయ్?”

“మీదికెళ్ళి దుమికినయేమో,” అన్నాడు రంజిత్. తొట్టి మీద అట్ట కప్పి ఇటుక పెట్టాడు. మర్నాడు మధ్యాహ్నం ఇంకొకటి తేలింది.

“ఇగ వీటిని తొట్టిలనే ఉంచొద్దు!” రంజిత్ గొట్టానికున్న గుడ్లతో సహా జంటను టబ్బులోకి మార్చి, మంచానికి రెండో పక్కన పెట్టాడు. తల్లి చేప గుడ్లను వదలకుండా రెక్కలతో విసురుతూనే ఉంది.

“నిన్ను గూడ కదలొద్దన్నరానె?” అని మానస దాన్ని చూసి నవ్వింది. చాలా రోజులకు వచ్చిన నవ్వు అది.

ఆ నవ్వు ఒక్కరోజే. మర్నాడు తొట్టిలో మూడోది తేలింది. జంట మాత్రం టబ్బులోనే బుద్ధిగా ఉంది.

“మరి ఎవరు చంపుతున్నరు?” మానస అడిగింది.

“కరెంటు పోతుంది కదా, గాలి అందుతలేదేమో. నువ్వు పరేషాన్ కాకు.”

కానీ చచ్చిన చేప పక్కలు నొక్కుకుపోయి ఉన్నాయి. గాలి అందకపోతే అలా ఎందుకవుతుంది? ఇంకొకటి కూడా ఆమెకు అంతు చిక్కలేదు. రోజూ పగటి నిద్ర లేచేసరికి కడుపు మీద చీర చుక్కలు చుక్కలుగా తడిసి ఉంటోంది. చెమటే అనుకుంది. చెమటకు నీచు వాసన రాదు కదా అని తర్వాత తట్టింది.

మర్నాడు పొద్దున దవాఖాన నుంచి నర్సమ్మ వచ్చి బీపీ చూసి పెదవి విరిచింది. “ఇంకింత ఎక్కింది. గిట్లయితే తల్లికే కష్టమమ్మా.”

ఆ మాటకు జోగమ్మ చేతిలోని కండె జారిపోయింది. చాలాసేపు గోడకు ఆనుకుని, టబ్బు వైపే చూస్తూ కూర్చుంది.

ఆ మధ్యాహ్నం మానస నిద్రపోలేదు. తొట్టిలో మిగిలినవి రెండే రెండు. ఏది వచ్చి చంపుతుందో ఈరోజు చూడాల్సిందేనని కళ్ళు మూసుకుని పడుకుంది. ముందు గదిలో మగ్గం చప్పుడు. పక్కన రాట్నం చప్పుడు.

రాట్నం ఆగింది.

ఎక్కడో నీళ్ళు కదిలాయి. మానస రెప్పల సందులోంచి తొట్టి వైపు చూసింది. రెండు చేపలూ ఉన్నాయి. హమ్మయ్య అనుకుంది.

కడుపు మీద చల్లగా ఒక చుక్క పడింది. ఇంకో చుక్క.

దిగ్గున కళ్ళు తెరిచింది. మోచేతిదాకా తడిసిన చెయ్యి ఒకటి తన కడుపు మీద గుండ్రంగా తిరుగుతోంది. అచ్చం దిష్టి తీసినట్టే. ఒకటి, రెండు, మూడు. పిడికిట్లోంచి ఏంజెల్ చేప తోక టపటపా కొట్టుకుంటోంది. టబ్బులో గుడ్ల దగ్గర మగ చేప ఒక్కటే ఉంది.

“అత్తమ్మా!”

జోగమ్మ కళ్ళ నిండా నీళ్ళు. అయినా పిడికిలి ఇంకాస్త బిగించింది.

“ఎన్ని చిన్నయి తిప్పేసినా పోతలేదు బిడ్డా. తల్లి గండానికి తల్లే పోవాలె.”