ఎనిమిది గంటలు

“చివరిసారి ఎన్ని గంటలు నిద్రపోయావు?”

“మూడు.”

“మూడేంది నాన్నా? ఎనిమిది! నాలుగుసార్లు చెప్పా.” మార్త చేతిలో కాగితం విసిరికొట్టినంత పని చేసింది.

రేపు దాచేపల్లి రోడ్డు మీద లారీలు ఆపి తనిఖీ చేస్తారట. ఓనరు బండికి కొత్త వైపర్లు వేయించాడు, లైట్లు మార్పించాడు. డ్రైవరు ఏసోబుకి ప్రశ్నలూ జవాబులూ రాసిన కాగితం ఇచ్చాడు. నిద్ర ఒక్కటే ఇవ్వలేదు. ఏసోబుకి చదువు అంతంత మాత్రం. అందుకే కూతురు నేర్పుతోంది.

“ఎనిమిది గంటలు పడుకునేవాడు లారీ ఎందుకు తోల్తాడమ్మా? ఎమ్మెల్యేగా నిలబడతాడు గానీ,” అని ఏసోబు నవ్వాడు.

“నవ్వమాక. నిజం చెప్తే బండి ఆపేస్తారు, నీ పని పోద్ది. చెప్పు.”

“ఎనిమిది గంటలు సార్.”

తనిఖీలో అదే చెప్పి బయటపడ్డాడు. ఆ వారంలోనే, రెండు రోజులు ఆపకుండా సిమెంటు తోలి, కునుకుపట్టి లారీని కల్వర్టుకు గుద్దాడు.

నరసరావుపేట ఆసుపత్రిలో కాలు తీసేశారు. తెలివి రాగానే మంచం పక్కన ఎస్సై, ఆయన వెనకే ఓనరు.

“బండెక్కే ముందు ఎన్ని గంటలు నిద్రపోయావయ్యా?”

‘నిజం చెప్పు నాన్నా’ అనబోయింది మార్త. ఏసోబు అప్పటికే చెప్పేశాడు.

“ఎనిమిది గంటలు సార్.”

“నిండా నిద్రపోయి కూడా గుద్దావంటే నిర్లక్ష్యమే,” అని ఎస్సై రాసుకున్నాడు. ఓనరు ఫోను చూసుకుంటూ బయటికి నడిచాడు.

ఏసోబు కూతురి వైపు తల తిప్పాడు.

“ఈసారి తప్పు చెప్పలేదు గదమ్మా?”